పల్లమెరుగని పెద్దమనిషి

ఆయన పోయాడన్న సంగతి నాకు ఆటో డ్రైవర్ చెప్పాడు. మధురానగర్‌లో ఎక్కి ఫిలింనగర్‌లో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళుతున్నాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి కొంచెం పోయామో లేదో బండి ఆగిపోయింది. ముందంతా నల్ల కార్లు, పోలీసులు, మైకులు పట్టుకుని పరిగెత్తే టీవీ వాళ్ళు.

"ఎవలో యాక్టర్ సచ్చిపోయిండంట సార్. జర టైం పడ్తది," అంటూ ఫోన్ తీసి చూసుకున్నాడు. కాసేపటికి ఆ ఫోన్ నా వైపు తిప్పాడు. "గీయన్నే సార్. రైతు వేషాలు ఏస్తుండె గదా. రైతులంటే పానం ఇస్తుండె అంటున్రు."

తలపాగా, చేతిలో గుప్పెడు మట్టి, మూసిన కళ్ళు. నాకు నవ్వొచ్చింది. చావు దగ్గర నవ్వకూడదని తెలుసు, అయినా వచ్చింది. డ్రైవరు అద్దంలోంచి నన్ను అదోలా చూశాడు. చచ్చినోడి కళ్ళు చారెడు అని మా అమ్మ అంటూ ఉండేది. ఈయన కళ్ళు బతికున్నప్పుడే చారెడు చేసి చూపించారు, ఇక చచ్చాక చెప్పేదేముంది.

పేరు రాయను. రాస్తే నా చేత్తో ఆయనకి ఇంకో పోస్టరు అంటించినట్టవుతుంది.

నాది నేల కింది మురుగునీటి పని. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కాలువల చివర, సముద్రానికి దగ్గరగా ఉండే చౌడు పొలాల్లోనే తిరిగాను. నీరు నిలిచిపోయి, ఉప్పు పైకి తేలి, వేసవిలో పిండి చల్లినట్టు తెల్లబడే నేలలు. వాటిని మళ్ళీ పంటకి తీసుకురావడం నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య. రిటైరై ఇక్కడ స్థిరపడ్డాక ఒకరోజు ఆయన మేనేజరు ఫోన్ చేశాడు. సార్ డెల్టా చివర ఇరవై ఎకరాలు కొన్నారు, అంతా చౌడు, బాగుచెయ్యాలి, ఒకసారి వచ్చి మాట్లాడండి అన్నాడు.

జూబ్లీహిల్స్‌లో ఆయన ఇంటి గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూశాడు. రహమత్ నగర్ నుంచి రోజూ వచ్చిపోయే మనిషని తర్వాత తెలిసింది.

"డ్రైనేజీ ఇంజినీరుని. సార్ రమ్మన్నారు," అన్నాను.

"వచ్చినవా! రెండు దినాల సంది ఫోన్లు కొడుతున్న. గట్ల ఎనక గేటుకెళ్లి పో. వంటింటి కాడ నిండి పొర్లుతున్నది."

నేను చెప్పేలోపే గేటు మూసేశాడు. వంటింటి వెనక మూత తీసిన గుంట పక్కన, ముక్కు మూసుకుని నిలబడ్డ ఇద్దరు పనివాళ్ళతో పాటు పది నిమిషాలు నేనూ నిలబడ్డాను. మేనేజరు వెతుక్కుంటూ వచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. జరిగింది విని ఆ పెద్దమనిషి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తప్పు లేదు, ఎవరైనా నవ్వుతారు. కానీ ఆ తర్వాత మూడేళ్ళ పాటు, ఎవరు వచ్చినా నన్ను పక్కన నిలబెట్టి ఆ కథ చెప్పాడు. నా పేరు ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. "మా మురుగాయన" అనేవాడు, ప్రేమ ఎక్కువైతే "ఏవయ్యా మురుగూ".

ఆ మొదటి రోజే, పరీక్ష కోసం మేనేజరు ముందుగా పంపిన ఆయన పొలం మట్టి ఒక కవర్లో తీసుకెళ్ళాను. ఆయన లేచి నిలబడ్డాడు. గుప్పెడు తీసుకుని కళ్ళు మూసుకుని వాసన చూశాడు. "తొలకరి వాసనయ్యా ఇది!" అన్నాడు. మట్టిని రెండు కళ్ళకీ అద్దుకుని, "తల్లీ" అన్నాడు. ఆ గొంతులో వణుకు విని, నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మేశాను. పది రోజులుగా నా గదిలో కవరులో ఎండిన ఉప్పుమట్టికి తొలకరి వాసన ఎక్కడిదని అప్పుడు తోచలేదు. ఈలోగా ఆయన చెయ్యి పక్కకి చాచాడు, ఎవరి వైపూ చూడకుండా. మేకప్ ఆయన వచ్చి ఆ చేతిలో తడి టిష్యూ పెట్టాడు. తర్వాత ఇంకోటి. మూడోది గోళ్ళకి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈయనకి ఆ రెండూ ఒకే సీను.

ఆ సీను నేను కనీసం ముప్పైసార్లు చూసి ఉంటాను. మంత్రి వచ్చినా అదే, విలేకరి వచ్చినా అదే. టిష్యూలు మాత్రం ఎప్పుడూ మూడే.

ఇంకోటి. పండగొస్తే దర్శకుల ఇళ్ళకీ నిర్మాతల ఇళ్ళకీ వెదురుబుట్టలు వెళ్ళేవి. వంకాయలు, బెండకాయలు, గోంగూర కట్టలు, పైన ఒక చీటీ: "మా పొలంలో పండినవి, మీ ఇంటి కోసం." ఆ పొలంలో అప్పటికి తుమ్మకంప తప్ప ఏమీ మొలవలేదు. ఆయన డ్రైవరే నాకు చెప్పాడు, "ఎర్రగడ్డ రైతుబజార్ల తెల్లారంగ నేనే తెస్త సార్. ఎవలకీ చెప్పకుండ్రి." పైన పటారం, లోన లొటారం అనే మాట ఈయన్ని చూసే పుట్టించి ఉంటారు.

ఆయన కాగితం చూసేవాడు కాదు. నేను పది రోజులు కూర్చుని గీసిన ప్లాను బల్ల మీద పరిస్తే, దాన్ని పక్కకి నెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు. "కథ చెప్పు," అన్నాడు. నాకు అర్థం కాలేదు. మేనేజరు చెవిలో చెప్పాడు, సార్ ఏదైనా నెరేషనే వింటారండీ, చదవరు. ఫిలింనగర్‌లో ఆయన ఆఫీసుకి రోజూ ఎవరో ఒకరు వచ్చి కథ చెప్పి వెళ్ళేవాళ్ళు. ఆ వరసలో ఒక మధ్యాహ్నం నన్నూ కూర్చోబెట్టారు.

చెప్పాను. నేల కింద నడుం లోతున, చిల్లులున్న పైపులు వరసలుగా పరుస్తాం సార్. చిల్లుల్లో మట్టి దూరకుండా వల లాంటి గుడ్డ చుడతాం. పైన మంచి నీళ్ళు పెడితే, ఆ నీరు ఉప్పుని కరిగించుకుని కిందికి దిగి పైపుల్లోకి చేరుతుంది. ఆ పైపులన్నీ ఒక పెద్ద పైపులో కలుస్తాయి. అది పల్లానికి నడిచి, మీ పొలానికి నైరుతి మూల ఉన్న మురుగు కాలువలో పడుతుంది. రెండు మూడేళ్ళలో ఉప్పంతా కడుక్కుపోయి నేల పంటకొస్తుంది.

కళ్ళు మూసుకునే విన్నాడు. "విలన్ ఎవరు?"

"ఉప్పు సార్."

"హీరో?"

"నీరు."

"ఆ ఉప్పుని పైకి తెచ్చింది కూడా నీరే కదయ్యా?"

ఔనన్నాను. అలా అప్పుడప్పుడూ తెలివైన మాట ఒకటి అనేసేవాడు, దానితో ఆయన్ని పూర్తిగా తీసిపారెయ్యడానికి వీల్లేకుండా పోయేది. అంతలోనే, "అంతా భూమి లోపలే ఉంటే ఎవడికి కనిపిస్తుంది? పైకి ఒక్క పైపన్నా తేల్చు, ఫోటోకి," అన్నాడు. అప్పుడు మళ్ళీ నా మనసు కుదుటపడింది.

ఇంకొక్క సంగతి చెప్పకపోతే నాదే తప్పవుతుంది. ఒకసారి ఆఫీసులో ఎవరూ లేనప్పుడు, "నిజంగా పండుతుందా అది?" అని అడిగాడు. గొంతులో ఏ వేషమూ లేదు. వాళ్ళ నాన్న కూడా చౌడు పట్టిన మూడెకరాలు వదిలేసి వచ్చి స్టూడియోలో వ్యాను తోలాడట. ఆ పొలం తెల్లగా మెరుస్తుంటే చిన్నప్పుడు అందంగా ఉందనుకునేవాడట. నేను జాలిపడ్డాను. ఆ జాలి వారం రోజులు కూడా నిలవలేదు. టీవీలో ఇంటర్వ్యూ వచ్చింది. అందులో ఆ వ్యాను డ్రైవరు వందెకరాల ఆసామి అయిపోయాడు, ఉప్పెనలో అన్నీ పోగొట్టుకుని కొడుకు చేతిలో గుప్పెడు మట్టి పెట్టి కన్నుమూశాడు.

ఇప్పుడు సువార్తమ్మ సంగతి చెప్పాలి. ఆ ఇరవై ఎకరాల్లో ఆరెకరాలు ఆవిడ చాలాకాలంగా కౌలుకి చేస్తోంది. చేస్తోంది అంటే, ఊడ్చిన ప్రతిసారీ నారు ఎర్రబడి చచ్చిపోవడం చూస్తోంది. నేను మొదటిసారి పొలానికి వెళ్ళినప్పుడు గట్టు మీద నిలబడి, "వందనాలండి అన్నయ్య గారూ," అంది. నా మెళ్ళో సిలువ లేదు, పేరు ఇంకా చెప్పలేదు. ఎలా కనిపెట్టావమ్మా అంటే, "మీ సంచీ మీద మన సంఘం పేరుందండి," అని నవ్వింది. మనిషి నన్ను చూడకముందే సంచీ చదివేసిందన్నమాట.

నా దగ్గర ఉప్పు కొలిచే మీటరు ఉంది. ఆవిడ దగ్గర నాలుక ఉంది. మడిలోంచి ఒక రవ్వ తీసి నాలుక మీద వేసుకుని ఉమ్మేసేది. "ఈ మూల కొంచెం ఎక్కువండి. ఆ చింతచెట్టు కాడ ఫర్లేదు." నేను మీటరు పెట్టి చూస్తే ప్రతిసారీ ఆవిడ చెప్పిందే వచ్చేది.

ఈ పెద్దమనిషి ఆవిడకి ఒక మాట ఇచ్చాడు. పైపులు వేశాక నేల బాగుపడితే అయిదేళ్ళు ఆ ఆరెకరాలు నీవే, నిన్ను ఎవరూ లేపరు. బాగుపడకపోతే మాత్రం రొయ్యల చెరువులకి ఇచ్చేస్తాను, నా చేతుల్లో లేదు తల్లీ. ఆవిడకి అంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఇంటిల్లిపాదీ వచ్చి కాలవలు తవ్వడానికి సాయం పట్టారు. పైపుకి గుడ్డ ఎలా చుట్టాలో నేర్పితే, నా మనుషుల కన్నా బిగువుగా చుట్టింది.

పెద్ద పైపు పరచబోతుండగా సిద్ధాంతి గారు వచ్చాడు. ఫిలింనగర్‌లో సిద్ధాంతి చెప్పందే క్లాప్ కొట్టరని విన్నాను కానీ, పొలంలో పైపుకి కూడా ఆయన కావాలని నాకు తెలియదు. ఆఫీసులో నా ప్లాను మీద దిక్సూచి పెట్టి చూసి కళ్ళు పెద్దవి చేశాడు. నైరుతి నుంచి నీరు బయటికి పోతే యజమానికి ప్రాణగండం అన్నాడు. నీరు ఈశాన్యానికే నడవాలి, ఈశాన్యంలోనే నిలవాలి.

"అయ్యా, అక్కడ ఈశాన్యం మెరక," అన్నాను. "మురుగు కాలువ నైరుతిలో ఉంది. నీరు పల్లమెరుగు అంటారు కదా."

పెద్దమనిషికి కోపం వచ్చింది. "నీరు పల్లమెరుగుతుందో లేదో నాకు తెలీదు గానీ నా మాట మాత్రం వింటుందయ్యా. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. వాన కావాలంటే వాన, వరద కావాలంటే వరద. ట్యాంకరు పెడితే రాదూ? ఇక్కడ మోటారు పెట్టు, ఎక్కుతుంది. ఈశాన్యంలో ఒక కొలను తవ్వించు. తామరలు వేద్దాం, షూటింగుకి పనికొస్తుంది."

కృత్రిమ వాన కింద గొడుగు పట్టించుకుని నలభై ఏళ్ళు బతికిన మనిషితో ఏం వాదిస్తాం. అయినా వాదించాను. ఉప్పునీళ్ళు తీసుకెళ్ళి మెరక మీద కొలనులో పోస్తే, కొలనుకి బయటికి దారి లేదు, ఆ ఉప్పంతా ఊటగా దిగి మళ్ళీ పొలంలోకే వస్తుంది అని చెప్పాను. పైపు వాలు కూడా సరిగా కుదరదు అన్నాను. ఆ ప్లాను మీద నేను సంతకం పెట్టను అని కూడా అన్నాను. వారం రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు. నా జీవితంలో నేను మగాడిలా ప్రవర్తించిన వారం అది.

ఎనిమిదో రోజు ఆయనే ఫోన్ చేశాడు. మేనేజరు కాదు, ఆయనే. "ఏవయ్యా మురుగూ, నీ మొహం నిన్నటి నుంచీ నా కళ్ళ ముందు తిరుగుతోంది. కొత్త సినిమాలో వ్యవసాయాధికారి వేషం ఉంది. ఒక సీను, ఒక డైలాగు. బయట ఎవడినో తెచ్చి పెట్టడమెందుకు, నువ్వే చెయ్యి."

ఇక్కడ నా గురించి కొంచెం చెప్పుకోవాలి. మా ఊరి చర్చిలో క్రిస్మస్ నాటకం వేసినప్పుడల్లా నాకు గొర్రెలకాపరి వేషం ఇచ్చేవాళ్ళు. ముగ్గురు కాపరుల్లో మూడోవాణ్ణి. మొదటివాడికి ఒక మాట, రెండోవాడికి ఒక మాట, నాకు కర్ర. ఏడేళ్ళు ఆ కర్ర పట్టుకున్నాను.

జూబ్లీహిల్స్‌లో షూటింగులకి అద్దెకిచ్చే ఒక బంగళాలో తీశారు ఆ సీను. నా డైలాగు: "రైతు నవ్వితేనే ఈ నేల నవ్వుతుంది సార్." పదకొండు టేకులు. పెద్దమనిషి విసుక్కోలేదు, భుజం తట్టాడు. "బాగా చేశావయ్యా, నీలో ఉంది," అన్నాడు. సాయంత్రం అదే బంగళా మెట్ల మీద మేనేజరు కొత్త ప్లాను తెచ్చాడు. ఈశాన్యం కొలను, దానికి మోటారు, నైరుతి వైపు మూసేసిన పైపు. మొహాన మేకప్ ఇంకా కడుక్కోలేదు, సంతకం పెట్టాను. మోటారు సరిగ్గా తిప్పితే నడవొచ్చులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంటికెళ్ళి మా ఆవిడకి సీను గురించి చెప్పాను, సంతకం గురించి చెప్పలేదు.

మొదటి ఏడాది వానలు బాగా పడ్డాయి. వాన నీరే సగం ఉప్పుని కడిగేసింది. సువార్తమ్మ ఆరెకరాల్లో వరి నిలబడింది, ఈనింది కూడా. ఆవిడ ఫోన్ చేసి మాట్లాడలేక ఏడ్చింది. ఈయన కెమెరాలు వేసుకుని వెళ్ళాడు. తామర కొలను ముందు నిలబడి, చౌడు నేలని బంగారం చేసిన కథ చెప్పాడు. అందులో నేను లేను, సువార్తమ్మ లేదు, పైపు కూడా లేదు. మట్టి, ఆయన, ఆయన కన్నీళ్ళు. మేకప్ ఆయన ఫ్రేము బయట టిష్యూలతో నిలబడి ఉన్నాడని నాకు తెలుసు.

రెండో ఏడు వేసవిలో ఈశాన్యం మూల తెల్లబడింది. తర్వాత కొలను పొడవునా ఒక చార. తర్వాత చింతచెట్టు దాకా. తామరలు ఎప్పుడో చచ్చాయి. సువార్తమ్మ ఫోన్ చేసి, "అన్నయ్య గారూ, నీళ్ళు ఎనక్కి వస్తన్నాయండి," అంది. ఒక వాన పడితే సర్దుకుంటుందమ్మా అన్నాను. మళ్ళీ చేసింది, మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి ఫోన్ చెయ్యలేదు, తనే బస్సెక్కి ఎర్రగడ్డలో దిగి మా ఇంటికి వచ్చింది.

మా ఆవిడ పెట్టిన ఉప్మా తిని, మొహం కడుక్కుని, "బాబు గారి దగ్గరికి తీసికెళ్ళండి," అంది. చేతిలో స్టీలు టిఫిను బాక్సు. అందులో మట్టి.

ఫిలింనగర్ ఆఫీసులో కథల సిట్టింగు జరుగుతోంది. ఒక దర్శకుడు, ఒక రచయిత, ఇంకో నలుగురు. మమ్మల్ని చూడగానే పెద్దమనిషి చేతులు చాచి లేచాడు. "రామ్మా రా! చూడండయ్యా, మీరు రాసే రైతులు కాదు, అసలు రైతు." ఎవరో అప్పటికే ఫోనెత్తి వీడియో తీస్తున్నారు.

ఆవిడ బాక్సు మూత తీసి బల్ల మీద పెట్టింది. తెల్లగా పొక్కులు కట్టిన మట్టి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. గుప్పెడు తీశాడు, వాసన చూశాడు, అద్దుకున్నాడు. కన్నీళ్ళు వచ్చాయి, నిజం కన్నీళ్ళే.

"కళ్ళకి అద్దుకుంటే ఏం తెలుస్తాదండి బాబు గారూ, మంట తప్ప," అంది సువార్తమ్మ. "నాలిక మీద ఒక రవ్వ ఏసుకోండి."

ఆయన కళ్ళు తెరిచాడు. ఒక్క క్షణం ఆవిడ వైపు, మట్టి వైపు చూశాడు. వేసుకుంటాడేమో అనుకున్నాను. వేసుకోలేదు. రచయిత వైపు తిరిగి, "రాసుకో! డైలాగంటే ఇదిరా," అన్నాడు. ఆ రచయిత నిజంగానే రాసుకున్నాడు. మేకప్ ఆయన టిష్యూ అందించాడు.

సువార్తమ్మ నిలబడే మాట్లాడింది. "బాబు గారూ, ఆ పైపు మూతి కొలనులోంచి తీసేయించండి. నైరుతి పక్క మూసేసింది తెరిపించి, మురుగు కాలవలోకి ఇడిపించండి. నాలుగు రోజుల పనండి, మేమే తవ్వుకుంటాం. ఈ ఏడాది వానలకి కడుక్కుపోద్ది. లేపోతే మా ఆరెకరాలూ అయిపోయినట్టేనండి."

ఆయన నా వైపు చూశాడు. నవ్వుతూనే ఉన్నాడు. "ఏవయ్యా మురుగూ, ఏమంటావు? వాస్తు తప్పంటావా?"

ఆవిడా నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి అన్నయ్య గారూ. మీరు చదువుకున్నారు కదా."

సినిమా అప్పటికి విడుదల కాలేదు. నా సీను ఎడిటింగులో ఉంది. ఆ గదిలో కూర్చున్న దర్శకుడే దాని దర్శకుడు.

"ఇంకో వర్షాకాలం చూసి చెప్పొచ్చు సార్," అన్నాను.

"విన్నావా తల్లీ, ఇంజినీరు చెప్పాడు," అన్నాడాయన. శాలువా తెప్పించి ఆవిడ భుజాల మీద కప్పాడు. ఫోటో తీశారు. ఆవిడ ఆ ఎండలో శాలువా చేత్తో పట్టుకుని నా పక్కన ఆటోలో కూర్చుంది. అమీర్‌పేటలో బస్సెక్కే ముందు, "ఉంటానండి," అంది, అంతే.

సినిమా వచ్చింది. మా సంఘం వాళ్ళు పద్నాలుగు మందిని తీసుకెళ్ళాను. తెర మీద నా వీపు కనిపించింది, ఒక చెవి కూడా. డైలాగు ఎవరిదో గొంతు. పెద్దమనిషి మొహం మాత్రం ఇంత దగ్గరగా, కళ్ళ నిండా నీళ్ళతో, ఆ డైలాగు వింటూ ఉంది. హాల్లోంచి బయటికొస్తూ ఆయన్ని ఎంత అసహ్యించుకున్నానో చెప్పలేను. నేల పాడైనప్పుడు కూడా అంత అసహ్యించుకోలేదు, అది కూడా ఇప్పుడే తెలుస్తోంది.

తర్వాతి వర్షాకాలంలో వానలు తేలిపోయాయి. ఆయన ఇచ్చిన మాట ప్రకారమే నడుచుకున్నాడు, బాగుపడలేదు కాబట్టి రొయ్యల చెరువులకి ఇచ్చేశాడు. పొక్లెయిన్లు దిగి, మేం పరిచిన పైపుల్ని పేగుల్లా బయటికి లాగి గట్టున పడేశాయి. సువార్తమ్మ ఇప్పుడు పక్క ఊళ్ళో షెడ్డులో రొయ్యల తలలు తీస్తోంది. నీరు ఈశాన్యానికే నడిచింది, ఆయనా పోయాడు. సిద్ధాంతి గారు దానికి ఇంకేదో కారణం చెప్పే ఉంటాడు.

ఇదంతా ఆటోలో కూర్చుని తలచుకుంటుండగా మేనేజరు ఫోన్ చేశాడు. ఎల్లుండి సంతాపసభ, సార్ రైతులకి చేసిన సేవ గురించి టెక్నికల్‌గా రెండు ముక్కలు మీరు మాట్లాడితే బాగుంటుంది, స్టేజి మీద కుర్చీ వేయిస్తాం అన్నాడు. చూస్తాను అన్నాను. కుర్చీ మొదటి వరసలోనా అని అడగాలనిపించి, నాలుక కరుచుకున్నాను.

పళ్ళ డాక్టరు టైము ఎలాగూ దాటిపోయింది. ఆటో దిగి, పక్కనే ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడి సువార్తమ్మకి ఫోన్ చేశాను. రెండేళ్ళయింది మాట్లాడి. వెనక షెడ్డు చప్పుడు, ఆడవాళ్ళ మాటలు. నా గొంతు గుర్తుపట్టి, "వందనాలండి అన్నయ్య గారూ," అంది, ఎప్పటిలాగే.

సంగతి చెప్పాను. పాపం అంది. ఎన్నేళ్ళుంటాయి అని అడిగింది. తర్వాత, "ఆదివారం ప్రార్థనలో ఆయన పేరు చెప్పిస్తానండి," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎందుకమ్మా? నీ నోటి దగ్గర కూడు తీసేసిన మనిషి. పైపు ఎటు నడవాలో చెబితే వినని మూర్ఖుడు. ఆయన కోసం ప్రార్థన ఏంటి?"

"ఆయనకేం తెలుసండి," అంది సువార్తమ్మ. "వేషాలేసుకునే ఆయన. పొలమంటే ఏంటో తెలీక చేశాడు, పోయాడు. ఒక్క ఆదివారం చెప్పిస్తే సరిపోద్ది."

ఫోన్ పెట్టేస్తుందేమో అనుకున్నాను. పెట్టలేదు.

"మీ పేరైతే చెరువులు తవ్విన కాడ నుంచీ ప్రతి వారం చెప్పిస్తానే ఉన్నాను, అన్నయ్య గారూ."